ఎండలో ఆమె సీసాలు

పోయిన వానాకాలం చివర్లో మహబూబాబాద్ కాలేజీలో ఆమె సంతాప సభ పెట్టారు. నన్ను "మేడం గారి ప్రాణ స్నేహితురాలు" అని పిలిచి మైకు చేతికిచ్చారు. నాలుగైదు నిమిషాలు మాట్లాడి ఉంటాను. కష్టజీవి అన్నాను. నిజాయితీ గల మనిషి అన్నాను. నలభై కూడా నిండకుండా డెంగీ జ్వరంతో పోవడం ఏమిటని అన్నాను. ముందు వరసలో కూర్చున్న ఆడపిల్లలు చున్నీలతో కళ్ళు తుడుచుకున్నారు. నేను చెప్పిన మాటల్లో ఒక్కటీ అబద్ధం లేదు. కాని చెప్పవలసిన మాట చెప్పకుండానే వేదిక దిగాను. పదేళ్ళుగా నేను ఆ మనిషిని చూసి ఓర్వలేకపోయాను.

అలాగని స్నేహం అబద్ధం కాదు. హాస్టల్లో నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. ఒకే పళ్ళెంలో తిన్న రోజులున్నాయి. నాకు కామెర్లు వస్తే పదిహేను రోజులు మజ్జిగన్నం కలిపి పెట్టింది. ఆ పదిహేను రోజులూ, పడుకున్న చోటి నుంచి ఆమె ల్యాబుకు వెళ్ళడం చూస్తూ, ఇవాళ ఈమెకు ఏ ఫలితమూ రాకపోతే బాగుండునని కోరుకున్నాను. ఆమె కలిపిన అన్నం తింటూనే కోరుకున్నాను.

ఆమె గురించి ఆలోచిస్తే ముందుగా గుర్తొచ్చేది ఎడమ కన్ను మూయడం. ఏ సీసానైనా వెలుతురుకు ఎత్తి, ఎడమ కన్ను మూసి, గోటితో రెండుసార్లు టకటకమని కొట్టి, లోపల బుడగ కదిలిందా లేదా అని చూసేది. సీసాలు ఇంకెవరినీ కడగనిచ్చేది కాదు. మూడుసార్లు తనే కడిగి, పాత తువ్వాల మీద బోర్లించి, అవి ఆరేదాకా పక్కనే కూర్చునేది. వాటి మీద మేమంతా ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ రాసుకుంటే ఆమె తెలుగులో చీటీలు అంటించేది. "మళ్ల చూడాలె." "మంచిగున్నది." "నమ్మరాదు." ఫలితం బాగా వచ్చిన సీసాకే "నమ్మరాదు" అని ఉండేది. ఇదేమిటని అడిగితే, "మంచిగ వచ్చిందాన్నే గదక్కా ఎక్కువసార్లు అడగాలె? రానిది ఎట్లైన రాలే" అనేది.

ప్రయోగం చేయడాన్ని ఆమె "అడగడం" అనేది. "దీన్ని ఇంకోసారి అడుగుదాం." "నిమ్మలంగ అడిగితే చెప్తది. బెదిరిస్తే అబద్ధం చెప్తది." పొడులతో మాట్లాడే మనిషి అని ల్యాబులో నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. నా నవ్వు మాత్రం వాళ్ళ నవ్వులాంటిది కాదు.

మేమిద్దరం హైదరాబాద్‌లో ఒకే గైడు దగ్గర పీహెచ్‌డీకి చేరాం. అప్పటికింకా మా వరంగల్ జిల్లా ముక్కలు కాలేదు. "ఇద్దరూ ఒకే జిల్లా వాళ్ళు, కలిసి ఉండండి" అన్నాడు మా సార్. మాది దేవరుప్పుల. భూములున్న ఇల్లు, మా నాయిన ఒకసారి సర్పంచిగా కూడా చేశాడు. ఆమెది భూపాలపల్లి. వాళ్ళ బాపు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. నేను ఇంటర్‌లోనే కోస్తా పిల్లల మధ్య చదివి, "ఎట్ల" అంటే వాళ్ళు నవ్విన నవ్వుకు జడిసి, మా మాటను ఇంటి దగ్గరే వదిలేశాను. ల్యాబులో "ఏమిటండీ", "అలాగేనండీ" అనేదాన్ని. ఆమె మొదటి సెమినార్లోనే నిలబడి, "సార్, గీ గ్రాఫు గిక్కడ గిట్లెందుకు వంగింది? గిది తప్పున్నట్టున్నది" అంది. ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే గ్రాఫు నిజంగానే తప్పు. ఆ గ్రాఫు నాది.

మా ఇద్దరి పనీ ఒకటే. ఎండతో నీళ్ళను విడగొట్టి హైడ్రోజన్ తీయడం. దానికి ఎండను పట్టే పదార్థం ఒకటి కావాలి. వెలుగు తగిలితే అందులో ఎలక్ట్రాన్లు లేచి కదలాలి, కదిలి నీటి మీద పని చేయాలి. సౌర పలకల్లో వాడే సిలికాన్ లాంటిది కాకుండా, కర్బనంతో, నత్రజనితో తయారయ్యే పొడులతో ఆ పని చేయించాలని మా ప్రయత్నం. వీటిని ఆర్గానిక్ సెమీకండక్టర్లంటారు. ఆమె వాళ్ళ బాపుకు ఫోన్లో ఇంతకంటే తేలిగ్గా చెప్పింది.

రోజూ సాయంత్రం నాలుగు దాటగానే ఆమె ఏ పనిలో ఉన్నా చేతులు కడుక్కుని వరండాలోకి వెళ్ళేది. బాయి దిగిన మనిషి పైకొచ్చే వేళ అది. "బాపూ, పైకొచ్చినవా?" అని అడిగేది. రోజూ అదే మాట. "వచ్చిన బిడ్డా" అని అటు నుంచి వినపడ్డాకే మిగతా కబుర్లు. ఒకరోజు స్పీకర్ పెట్టి మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను.

"బాపూ, నువ్వు బొగ్గు తీస్తే కరెంటు వస్తది గదా. నేను నీళ్లను ఎండల పెట్టి గాలి తీస్తున్న. ఆ గాలిని కాలిస్తే మళ్ల నీళ్లే అయితయి. పొగ రాదు, బూడిద రాదు."

అటువైపు కాసేపు దగ్గు వినిపించింది. తర్వాత, "గట్లయితే మా బాయి మూస్తరా బిడ్డా?" అన్నాడాయన.

"నువ్వు రిటైరైనంక మూస్తరు తియ్యి" అందామె. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు విని కూడా నాకు కుళ్ళు పుట్టింది. మా నాయిన నాతో ఫోన్లో పట్టా పాసుపుస్తకం గురించి మాట్లాడేవాడు. నేను ల్యాబులో ఏం చేస్తున్నానో ఒక్కసారీ అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఒక వానాకాలం సెలవులకు ఆమెను మా ఊరికి తీసుకుపోయాను. పత్తికి యూరియా వేసే రోజులు. మా నాయిన పొద్దున్నే వెళ్ళి లైన్లో చెప్పులు పెట్టి, మధ్యాహ్నానికి రెండు బస్తాలు తెచ్చి అరుగు మీద వేయించాడు. ఆమె బస్తా దగ్గర కూర్చుని గుప్పెడు యూరియా తీసి వాసన చూసింది.

"పెదనాయినా, నాకొక గిన్నెడు యూరియా ఇస్తవా?"

"ఏం చేస్తవ్ బిడ్డా? మీ హాస్టల్ల పూల మొక్కలున్నయా?"

"కాలుస్తా."

మా నాయిన కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. "యూరియా దొరకక మేం పొద్దుగాల నుంచి లైన్ల నిలబడ్తుంటే, మీరు పొయ్యిల పెట్టి కాలుస్తరా? గిదేం సదువే?"

ఆమె అరుగు మీద బాసింపట్టు వేసుకు కూర్చుని ఆయనకు అంతా చెప్పింది. మూత పెట్టిన గిన్నెలో యూరియాను బాగా కాలిస్తే పసుపు పచ్చటి పొడి మిగులుతుందనీ, అది ఎండను పడుతుందనీ, నీళ్ళలో వేస్తే ఏమవుతుందో. మా నాయిన మధ్యలో లేవకుండా విన్నాడు. ఆఖరికి గిన్నె కాదు, ఒక సంచి నింపించాడు. "మంచిగొస్తే నాకు చెప్పు బిడ్డా" అన్నాడు. పరిశోధనలో చేరినప్పటి నుంచి ప్రతి సెలవులకూ నేను ఆ ఇంటికి వచ్చిపోతున్నాను. ఆ అరుగు మీద ఆ మాట ఆయన నాతో ఎన్నడూ అనలేదు.

ల్యాబులో మేం వాడేది శుద్ధి చేసిన ఖరీదైన యూరియా. ఆమె మా ఊరి సంచిలోది కాల్చింది. వేపనూనె పట్టించిన యూరియా కదా, కొలిమి దగ్గర అమ్మోనియా ఘాటు, దాని మీద వేప కమురు, అంతస్తంతా కంపు. సార్ ముక్కు మూసుకుని వచ్చి తిట్టాడు. మూడు రోజుల తర్వాత అదే సార్ పక్క ల్యాబు వాళ్ళను పిలుచుకొచ్చి ఆమె సీసా చూపించాడు. ఆ పొడి ఖరీదైన దానికంటే ఏమాత్రం తీసిపోలేదు. నేను యూరియా బస్తాల మధ్య పుట్టి పెరిగినదాన్ని. నాకు ఆ ఆలోచన ఎందుకు రాలేదు? ఆ రోజు సాయంత్రం స్నానాలగదిలో కుళాయి విప్పుకుని ఏడ్చాను.

ఆమెకు మాత్రం తృప్తి ఉండేది కాదు. మేమంతా ఆ పొడికి చిటికెడులో చిటికెడు ప్లాటినం పట్టించి, నీళ్ళలో సాయానికి ఇంకొక ద్రవం కలిపేవాళ్ళం. ఆ ద్రవం ఖర్చయిపోతూ ఉంటేనే హైడ్రోజన్ బాగా వస్తుంది. అందరూ చేసేది అదే. "నీళ్ళు తాగే బతుకుతున్న అని చెప్పుకుంట చాటుకు బువ్వ తిన్నట్టే గదక్కా ఇది? వట్టి నీళ్ళతోని రావాలె" అనేది.

నాది వేరే పొడి. ఎర్రటిది. నేను సొంతంగా కట్టిన పదార్థం. దాని తయారీలో లోహాల ఊసే లేదు. ప్లాటినం అవసరం లేకుండా పనిచేస్తుందని నా ఆశ. ఎనిమిది నెలలు దీపం కింద పెట్టి చూశాను. వాయువును కొలిచే యంత్రం తెర మీద గీత నేలకు కరుచుకునే ఉండేది. పక్క బల్ల మీద ఆమె గీత లేచి నిలబడేది.

ఆమె చేతిలోనే ఏదో ఉందని నాకు పిచ్చి పట్టుకుంది. ఒక ఆదివారం ఆమె భూపాలపల్లి వెళ్ళినప్పుడు ఆమె డ్రాయరు తెరిచాను. సీసా ఒకటి, అడుగున తిరుగుతూ నీటిని కలియబెట్టే అయస్కాంతపు గుళిక ఒకటి తీసుకున్నాను. పాలపంటి అంత తెల్ల గుళిక. వాటితో నా ఎర్ర పొడిని పెట్టాను. మధ్యాహ్నానికి గీత లేచింది. ఎనిమిది నెలల తర్వాత లేచింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడి, ఎవరూ లేని ల్యాబులో చప్పట్లు కొట్టాను.

సోమవారం సార్‌కు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చూశాడు. "లోహం లేకుండా! అమ్మాయ్, ఇది పెద్ద సంగతి" అన్నాడు. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. ఆమె కూడా సంతోషపడింది. స్వీటు కొనుక్కొచ్చి అందరికీ పంచింది. నిజంగా సంతోషపడింది. నాకు ఆమె ఫలితాలకు ఒక్కసారైనా అలా పంచాలని తోచలేదు.

గురువారం నేను సీసా కడుగుతుంటే ఆమె వచ్చి నిలబడింది. నా చేతిలోని గుళిక తీసుకుని వెలుతురుకు పెట్టి ఎడమ కన్ను మూసింది.

"అక్కా, ఇది నాది."

"కాదు. ఇక్కడే దొరికింది."

"నాదే అక్కా. చూడు, ఒక దిక్కు మసక పట్టినట్టున్నది. అది ప్లాటినం. రెండేండ్ల సంది దీంతోనే తిప్పుతున్న. సబ్బుతోని కడిగితే పోదు, గట్టి ఆమ్లంల నానబెడ్తెనే పోతది. నీ పొడిల లోహం లేదు గని, దీని మీద ఉన్నది."

నేను కుళాయి కట్టేశాను. ఆమె గొంతు తగ్గించి, "డ్రాయర్ల నుంచి తీసుకున్నవని నేను అడుగుతలేను. కొత్త గుళికతోని ఇంకోసారి అడుగు. వస్తె మంచిదే. రాకపోతె సార్‌కు చెప్పు" అంది. తన దగ్గరున్న కొత్త గుళిక, ఇంకా పొట్లం విప్పనిది, నా అరచేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మూడు రోజులు చేశాను. మూడు రోజులూ గీత లేవలేదు. నేను సార్‌కు చెప్పలేదు.

రేపు చెప్తాననుకున్నాను. ఈలోగా సార్ పేపర్ రాయడం మొదలుపెట్టాడు. ఆయన నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని వాక్యం వాక్యం చదివి వినిపించేవాడు. అంతకు ముందు ఆ కుర్చీలో ఆమె కూర్చునేది. ల్యాబులో అందరి పేర్లూ పేపర్లో చేర్చాడు. ఆమె వెళ్ళి, "సార్, దీంట్ల నేనేం చెయ్యలే. నా పేరు తీసెయ్యుండ్రి" అంది. కారణం చెప్పలేదు. నేనే చెప్తానని ఆమె ఎదురుచూస్తోందని నాకు తెలుసు.

సార్‌కు కోపం వచ్చింది. ఆమె వెళ్ళాక అందరి ముందూ, "ఇంకొకరికి పేరొస్తే తట్టుకోలేకపోతోంది. ఇంత కుళ్ళు పనికిరాదు" అన్నాడు. ఆ మాట ల్యాబంతా పాకింది. పక్క ల్యాబుకూ పోయింది. క్యాంటీన్లో ఆమె వస్తుంటే మాటలు ఆపేవాళ్ళు. నేను ఒక్కరినీ కాదనలేదు. అది నా జబ్బు. ఆమె పేరు మీద తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఒక మధ్యాహ్నం హాస్టల్ గదిలో బట్టలు మడత పెడుతూ, నా వైపు చూడకుండా అంది. "అక్కా, నువ్వన్న నమ్మకు గా మాట. నాకు కుళ్ళు లేదు. నిజంగ లేదు."

"నాకు తెలుసు" అన్నాను. ఆ ఏడాది నేనన్న మాటల్లో నిజమైనది అదొక్కటే.

ఆమె సార్ దగ్గరికి వెళ్ళి చెప్పి ఉంటే నేను ఆమెను తేలిగ్గా ద్వేషించేదాన్ని. చెప్పలేదు. పేపర్ అచ్చయింది. ఉద్యోగం ఇంటర్వ్యూలో దాని గురించే పావుగంట అడిగారు. నాకు జనగామ డిగ్రీ కాలేజీలో వచ్చింది. ఆమెకు రెండేళ్ళ తర్వాత మహబూబాబాద్‌లో వచ్చింది. నెల్లికుదురు సంబంధం చేసుకుంది. భర్త స్కూల్ టీచర్. పెళ్ళికి వెళ్ళి ఫొటో దిగి వచ్చాను. తర్వాత పుట్టినరోజు మెసేజీలు తప్ప మా మధ్య ఏమీ లేదు. జనగామలో నేను ప్రయోగాలు మానేశాను. పాఠాలు చెప్పడం, పేపర్లు దిద్దడం. ఆమె మానలేదని అప్పుడప్పుడు వినేదాన్ని. కొత్తగూడ అడవి నుంచి వచ్చిన పిల్లలు కూడా ఆమె క్లాసంటే పడిచస్తారని ఎవరో చెప్తే, ఆ రోజు నా క్లాసులో అకారణంగా ఇద్దరిని బయటికి పంపాను.

పోయిన ఎండాకాలం మొదట్లో ఫోన్ చేసింది.

"అక్కా, నీ ఎర్ర పొడి నేనే తయారుచేసి చూసిన, పనిచేస్తది. వట్టి నీళ్ళల్ల! ఒక్కసారి రా."

రైలెక్కి వెళ్ళాను. స్టేషన్‌కు స్కూటీ మీద తనే వచ్చింది. కొంచెం లావైంది, జడ పలచబడింది. ఇంటికి వెళ్ళగానే మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా మిద్దె మీదికి తీసుకుపోయింది. మిద్దె సగం ఎర్రగా ఎండుమిర్చి పరిచి ఉంది. మిగతా సగంలో గోడవారగా నాలుగు సీసాలు, ఎండకు వాల్చి పెట్టి ఉన్నాయి. వాళ్ళ అత్తమ్మ గొడుగేసుకుని మిర్చి తిరగేస్తోంది.

"రా బిడ్డా. ఎండను మేమిద్దరం పంచుకున్నం. సగం నాకు, సగం దానికి" అంది ముసలామె.

ఒక సీసాకు వెండి కాగితం చుట్టి ఉంది, ఎండ తగలకుండా. ఒక దాంట్లో పొడి లేదు, వట్టి నీళ్ళు. మూడో దాంట్లో గాజు పలకకు ఆమె పసుపు పొడి ఒక్కటే పూసి ఉంది. నాలుగో దాంట్లో పసుపూ నా ఎరుపూ కలిపి పూసిన పలక. లెక్కగా తూచి వేసిన ప్లాటినం ఎంతో చీటీ మీద రాసి ఉంది. నాలుగోదాని దగ్గర నన్ను కూర్చోబెట్టింది. గోటితో రెండుసార్లు కొట్టింది. పలక మీద ఆవగింజలో సగమంత బుడగలు అంటుకుని ఉన్నాయి. చూస్తుండగా ఒకటి ఊడి పైకి పోయింది.

"నా పొడికి నీళ్ళను సగమే చీల్చ చేతనయితది అక్కా. తక్కింది నీ పొడి చేస్తున్నది. రెండు కలిస్తెనే పని. గాలి తీసుకపోయి యూనివర్సిటీల కొలిపించిన. మూడుసార్లు. రెండు పాళ్ళు హైడ్రోజన్, ఒక పాలు ఆక్సిజన్. సాయానికి ఏం కలపలే." ఆమె ముఖమంతా చెమట. "కొంచమే వస్తున్నది. చాయ్ కూడా కాగది. కని అబద్ధం లేదు."

పేపర్ రాసి పెట్టింది. ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. నా పేరు ముందుంది, ఆమెది తర్వాత. "పొడి నీది గదా" అంది. అప్పుడు అసలు సంగతి చెప్పింది. "దీంట్ల నీ పాత పేపర్ గురించి రాయక తప్పదు. అది తప్పని ముందుగాల మనం ఒప్పుకోవాలె."

"ఇప్పుడు గదంత ఎందుకే?" అన్నాను. ఎన్నేళ్ళ తర్వాతో నా నోట్లోంచి మా మాట వచ్చింది. "ఎవరికి గుర్తున్నది?"

"గుర్తున్నోళ్ళున్నరు." ఫోన్ తీసి ఒక మెయిల్ చూపించింది. వేరే రాష్ట్రంలో పరిశోధన చేస్తున్న ఒక అమ్మాయి రాసింది. మా పేపర్ చదివి రెండేళ్ళుగా ఆ ఫలితం కోసం ప్రయత్నిస్తోందట. రావడం లేదట. తనకే చేతకాదేమో, చదువు మానేస్తానని రాసింది. నాకు రాస్తే జవాబు రాకపోవడంతో, అదే ల్యాబులో చదివిందని ఈమెకు రాసిందట. నాకూ ఆ మెయిల్ వచ్చింది. తెరిచి, చదివి, మూసేశాను.

"ఆ పిల్లకు ఏమని రాయాలె అక్కా? నేను రాస్తె నిన్ను పట్టిచ్చినట్టయితది. నువ్వే రాయి."

ఆలోచిస్తానన్నాను. అన్నం తిన్నాను. ముసలామె కొత్త కారం పొట్లం కట్టి ఇచ్చింది. తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఆ బుడగలు వట్టి గాలి బుడగలైతే బాగుండునని కోరుకుంటూ కేసముద్రం దాటాను. వరంగల్ వచ్చేసరికి ఫోన్ చేశాను.

"ఎండకు నీళ్ళు వేడెక్కితే కరిగిన గాలి బుడగలుగా బయటికి వస్తుంది. చూసుకున్నావా?"

ఆమె నవ్వింది. "ముందుగాల నేను గదే అనుకున్న అక్కా. అందుకే మరగబెట్టి చల్లార్చిన నీళ్ళు పోసిన. వట్టి నీళ్ళ సీసల ఏం రాలే, చూసినవు గద?" తర్వాత సంబరంగా, "నువ్వు మళ్ల సీసల గురించి ఆలోచిస్తున్నవక్కా. నాకు శాన మంచిగనిపిస్తున్నది" అంది. ఆమె పని తప్పని తేల్చడానికి నేను ఫోన్ చేశానని ఆమెకు తట్టనే లేదు. లేక తట్టిందో. ఆమెతో అది ఎప్పుడూ తెలిసేది కాదు.

ఎండాకాలం గడిచింది. రెండుసార్లు ఫోన్ చేసి, "తొందరేం లేదక్కా, నువ్వు రాసినంకనే పంపుదాం" అంది. వానలు పడ్డాయి. జ్వరమొచ్చింది. వరంగల్ దవాఖానలో నాలుగు రోజులుంది. నేను అయిదో రోజు వెళ్దామనుకున్నాను.

దినాలు అయిపోయిన వారానికి వాళ్ళ అత్తమ్మ ఫోన్ చేసింది. మిద్దె మీద సీసాలు అలాగే ఉన్నాయి, వాడలోని పిల్లలు ముట్టుకుంటే పగులుతాయి, ఏం చేయాలో వచ్చి చెప్పమంది. వెళ్ళాను. వాన నీళ్ళు నిలిచి మిద్దె పాకుడు పట్టింది. సీసాలన్నీ కడిగి తువ్వాల మీద బోర్లించాను. ముసలామె పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"నీ ముచ్చట్నే చెప్పేది బిడ్డా. మా అక్క తెలివి నాకుంటెనా అనేది. ఆమె చేసిన పొడి లేకుంటే నాది సగం పనే అనేది. నీ మీద దానికి జర కుళ్ళు కూడా ఉండెనేమో." ముసలామె నవ్వబోయి ఏడ్చింది.

అప్పుడు చెప్పాను. ముందుగా చెప్పింది ఆ ముసలామెకే. గుళిక తీసుకున్నది, అబద్ధం చెప్పింది, ల్యాబంతా ఆమెను ఆడిపోసుకుంటుంటే ఊరుకున్నది. సీసాలు, గీతలు ఆమెకు ఎంత అర్థమయ్యాయో తెలియదు. అంతా విని కొంగుతో ముక్కు తుడుచుకుని, "దానికి ఎరుకేనా?" అంది.

"ఎరుకే అత్తమ్మా."

"మరి నాకెన్నడు చెప్పలే." తువ్వాల అంచు మీదున్న సీసాను లోపలికి జరిపి, "అట్లనే ఉండె అది" అంది.

జనగామ వచ్చిన మర్నాడే పత్రికకు ఉత్తరం రాశాను. ఆ పేపర్లోని ఫలితం తప్పు. అది నా పొడి వల్ల కాదు, కలియబెట్టే గుళికకు అంటుకున్న ప్లాటినం వల్ల వచ్చింది. అచ్చు కాకముందే నాకు తెలుసు. నాకు చెప్పిన మనిషి ఫలానా అని ఆమె పేరు ఇంటిపేరుతో సహా రాశాను. ఆ అమ్మాయికి కూడా రాశాను. నీ తప్పేమీ లేదు, తప్పు నాది అని. గంటలో జవాబొచ్చింది. "రెండేళ్ళ నుంచి నన్ను నేను తిట్టుకుంటున్నాను మేడం" అని ఒక్క వాక్యం. కింద సంతకం కూడా లేదు.

మా సార్ రిటైరై ఇంటి దగ్గరే ఉంటున్నాడు. ఉత్తరం సంగతి తెలిసి ఫోన్ చేశాడు. "ఎందుకమ్మా ఇప్పుడు? నా పేరు కూడా ఉంది కదా అందులో" అన్నాడు. "ఆ అమ్మాయిని కుళ్ళుబోతు అన్నారు సార్. కుళ్ళుబోతును నేను" అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశాడు. కాలేజీలో ఏమంటారో ఇంకా తెలియదు. అడుగుతారు. చెప్తాను.

ఆమె భర్త కొత్త పేపర్ ప్రతిని నాకు పంపి, మీరే పంపించండి మేడం అన్నాడు. నిన్న మధ్యాహ్నం స్టాఫ్ రూములో కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఒక్క మాట మార్చవలసిన పని లేదు. అంత మంచిగా రాసింది. పైన నా పేరు, దాని తర్వాత ఆమె పేరు. ఆమె పేరు ముందుకు జరిపాను. జరిపి చూస్తుంటే, ఇప్పుడు ఈ ప్రపంచంలో లేని మనిషి పేరు నా పేరుకంటే ముందు ఉందని నా కడుపులో మండింది. పదేళ్ళ కిందట ఎలా మండిందో అలాగే. కాసేపు ఆ మంట తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు. పంపించాను.